65వ నెంబరు సమాధి

ఫ్రాన్సులో షాటో-థియరీ అనే ఊరికి 14 మైళ్ళ దూరాన అమెరికా వాళ్ళ సైనిక శ్మశానం ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన 6,012 మందిని అక్కడ పూడ్చిపెట్టారు. నాలుగు భాగాలుగా విభజించిన ఆ నేల మీద తెల్లని పాలరాతి గుర్తులు బారులు తీరి ఉంటాయి. చూడవచ్చిన వాళ్ళు ఈ నాలుగు భాగాలూ తిరిగి, ఒక నిట్టూర్పు విడిచి, తమ దారిన తాము వెళ్ళిపోతారు. రోడ్డుకి అవతల పొదల చాటున అయిదో భాగం ఒకటి ఉంది. అందులో సమాధుల మీద శిలువలు లేవు, జెండా లేదు. గడ్డిలోకి అదిమి పెట్టిన చిన్న పలకలు, వాటి మీద అంకెలు. పేర్లు లేవు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తన మనుషుల్నే మరణశిక్ష వేసి చంపింది. వాళ్ళలో 96 మందిని తెచ్చి ఆ అయిదో భాగంలో వేశారు. హత్యలు చేసినవాళ్ళూ, ఆడవాళ్ళను చెరచినవాళ్ళూ వాళ్ళు. ఒక్కడు మాత్రం ఆ కోవకు చెందడు. మూడో వరసలో 65వ నెంబరు పలక కింద ఉన్నవాడు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. యుద్ధరంగానికి పోను, భయం, అన్నాడు. అంతే.

ఈ నెంబరు వెనక మనిషిని వెతికి పట్టుకున్నవాడు విలియం బ్రాడ్‌ఫోర్డ్ హ్యూయీ. అలబామా రాష్ట్రానికి చెందిన రచయిత, పత్రికలకు వ్యాసాలు రాసి బతికేవాడు. సైన్యం వదిలి పారిపోయినందుకు ఒక సిపాయిని కాల్చేశారని ఆయన చెవిన పడింది. అంతర్యుద్ధం ముగిసిన 1865 తరవాత ఆ దేశంలో అలాటి శిక్ష జరిగినట్టు ఎవరూ వినలేదు. ఎవరా కుర్రాడు? ఏ ఊరివాడు? ఇంట్లో ఎవరైనా ఉన్నారా? సైన్యంవాళ్ళకి ఇవన్నీ తెలుసు గాని లోకానికి చెప్పలేదు. హ్యూయీ వదిలిపెట్టలేదు. దస్తరం చదివాడు, విచారణలో కూర్చున్నవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాడు, తుపాకులు పేల్చినవాళ్ళతో మాట్లాడాడు. 1954లో ఆ కథంతా పుస్తకంగా అచ్చువేశాడు. అప్పుడుగాని అమెరికా ప్రజలకి ఎడ్డీ స్లోవిక్ అనే పేరు తెలియలేదు.

ఇందులో నన్ను కూర్చున్నచోటే కూర్చోబెట్టిన సంగతి ఒకటుంది. హ్యూయీ వెతుక్కుంటూ డెట్రాయిట్ నగరానికి వెళ్ళి, ఎడ్డీ భార్య ఆంటోనెట్‌ని కలుసుకున్నాడు. అది 1953. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. ఆయన ఎలా పోయాడో అంతవరకూ ఆవిడకి తెలియదు! గౌరవం లేని పరిస్థితుల్లో మరణించాడు కనక నీకు రావలసిన డబ్బు రాదు, అని మాత్రం ప్రభుత్వం తెలియజేసింది. ఏమిటా పరిస్థితులు అంటే జవాబు లేదు. మన వైపు ఎవరైనా దూరదేశాన పోయారని కబురొస్తే మొదట అడిగేదేమిటి? ఎలా పోయాడు, దగ్గర ఎవరున్నారు, ఆఖరి మాట ఏమన్నాడు - ఇవే గదా. ఆ మూడు ప్రశ్నలకీ జవాబు ఆవిడకి తన ప్రభుత్వం చెప్పలేదు. ఎనిమిదేళ్ళకి ఒక పత్రికలవాడు వచ్చి చెప్పాడు.

హ్యూయీ చేతికి రెండు కట్టల కాగితాలు వచ్చాయి. ఒకటి సైన్యంవారి దస్తరం. రెండోది ఆంటోనెట్ దాచుకున్న ఉత్తరాల కట్ట. సైన్యంలో చేరింది మొదలు చనిపోయేదాకా, సుమారు ఏడాది కాలంలో, ఎడ్డీ భార్యకు రాసిన ఉత్తరాలు 370కి పైగా ఉన్నాయి. అంటే రోజుకొకటి. రెండు కట్టల్లోనూ ఉన్నది ఒకే మనిషి. కాని ఒకటి చదివి రెండోది చదవకపోతే మనకు వేరువేరు మనుషులు కనిపిస్తారు.

దస్తరం ఏమంటుందో ముందు చూద్దాం. ఎడ్వర్డ్ డొనాల్డ్ స్లోవిక్, 1920 ఫిబ్రవరి 18న డెట్రాయిట్‌లో పుట్టాడు. పోలండు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ బిడ్డ, బీదవాడు. పన్నెండో ఏట తోటి పిల్లలతో కలిసి ఒక కార్ఖానాలో జొరబడి ఇత్తడి సామాను దొంగిలించబోతే పట్టుకున్నారు. తరవాత చిన్నచిన్న దొంగతనాలు. పనిచేసే మందుల దుకాణంలో మిఠాయిలు, సిగరెట్లు, చిల్లర డబ్బులు కాజేసి 1937లో జైలుకి వెళ్ళాడు. పెరోలు మీద బయటికొచ్చి, 1939లో స్నేహితులతో తాగి ఎవరిదో కారు తోలుకుపోయి గుద్దేశాడు. మళ్ళీ జైలు. 1942 ఏప్రిల్లో విడుదల. ఒక్కటైనా పెద్ద నేరం కాదు. ఎవర్నీ కొట్టినట్టు గాని గాయపరచినట్టు గాని లేదు. అయినా కాగితం మీద వరసగా రాస్తే పెద్ద జాబితాగానే కనిపిస్తుంది.

ఇక ఉత్తరాల కట్టలో కనిపించే కుర్రాడు వేరు. జైలు నుంచి వచ్చాక డియర్‌బోర్న్‌లో కుళాయి గొట్టాల పనులు చేసే ఒక కంపెనీలో చేరాడు. అక్కడే లెక్కలు రాసే గుమస్తా ఆంటోనెట్. అతనికన్న అయిదేళ్ళు పెద్దది, మూర్ఛలు వచ్చే మనిషి. 1942 నవంబరు 7న పెళ్ళి చేసుకున్నారు. జైలుకి వెళ్ళొచ్చినవాడు కనక సైన్యానికి పనికిరాడని అతనికి చీటీ ఇచ్చి ఉన్నారు. యుద్ధం వచ్చినా తన జోలికి రారు గదా అని ధీమాగా కాపరం పెట్టుకున్నాడు. జన్మలో మొట్టమొదటిసారి అతనికంటూ ఒక ఇల్లు, తన కోసం ఎదురుచూసే మనిషి. ఏడాది తిరిగింది. పెళ్ళిరోజు పండగ అయీ కాకుండానే మరో చీటీ వచ్చింది. సైన్యానికి మనుషులు చాలటం లేదు, నువ్వూ పనికొస్తావు, అని. 1944 జనవరిలో టెక్సాస్‌లోని శిబిరానికి తీసుకుపోయారు.

దొంగగా ఉన్నప్పుడు వద్దన్న దేశం సంసారి అయ్యాక రమ్మన్నదన్నమాట. ఉత్తరాల్లో అతని గోడు ఇదే. నాకు అదృష్టం ఎన్నడూ నిలవదు, మనం సుఖంగా ఉండటం ఎవరికో గిట్టలేదు, ఇంటికి ఎప్పుడొస్తానో, అని. వీరుడి ఉత్తరాలు కావవి. ఆ మాటకొస్తే మంచి సిపాయి ఉత్తరాలు కూడా కావు. ఓడలో వెళుతూ తుపాకీ తుడుచుకుంటూ, దీన్నెందుకు తుడుస్తున్నానో, నేను పేల్చబోయేది లేదు, అని పక్కనున్న స్నేహితుడితో అన్నాడట.

1944 ఆగస్టులో ఫ్రాన్సు చేరాడు. 28వ డివిజన్‌లో 109వ పదాతి పటాలానికి కేటాయించారు. ఆ పటాలాన్ని కలుసుకోవడానికి వెళుతుండగా ఎల్బెఫ్ అనే ఊరి దగ్గర శత్రువుల ఫిరంగులు పేలాయి. రాత్రి గోతులు తవ్వుకుని దాక్కున్నారు. తెల్లవారేసరికి మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు; ఎడ్డీ, అతని స్నేహితుడూ మిగిలిపోయారు. కెనడా సైనిక పోలీసులు కనిపిస్తే వాళ్ళతో చేరి ఆరువారాలు గడిపారు. స్నేహితుడు తమ పటాలానికి ఉత్తరం రాశాడు. అక్టోబరు 7న ఇద్దరూ వెళ్ళి హాజరయ్యారు. ఇంతవరకూ వాళ్ళ మీద ఎవరూ నేరం మోపలేదు. ఆ రోజుల్లో దారి తప్పిన సిపాయిలు బోలెడుమంది.

మర్నాడు జరిగిందే అసలు సంగతి. ఎడ్డీ కంపెనీ కెప్టెన్ దగ్గరికి వెళ్ళి, నాకు చాలా భయం, నన్ను వెనకపక్క ఏదైనా పనిలో వేసుకోండి, ముందు వరసలో వేస్తే పారిపోతాను, అన్నాడు. కుదరదన్నాడు కెప్టెన్. ఇప్పుడు నేను వెళ్ళిపోతే సైన్యం విడిచి పారిపోయినట్టేనా, అని అడిగాడు ఎడ్డీ. అవునన్నాడు కెప్టెన్. ఎడ్డీ వెళ్ళిపోయాడు. స్నేహితుడు ఆపబోయినా ఆగలేదు.

నిజంగా పారిపోదలచినవాడు ఏం చేస్తాడు? ఏ పల్లెలోనో దాక్కుంటాడు. ఈ కుర్రాడు మర్నాడే తిరిగొచ్చి, ఒక పచ్చరంగు కాగితం మీద తన నేరం తానే రాసి సంతకం పెట్టి, ఒక వంటవాడి చేతిలో పెట్టాడు! పారిపోయాను, మళ్ళీ అక్కడికి పంపితే మళ్ళీ పారిపోతాను, అని అందులో ఉంది. అది చదివిన పెద్ద అధికారి, ఈ కాగితం చింపేసి వెళ్ళి పని చూసుకో, ఏమీ జరగలేదనుకుందాం, అన్నాడు. వద్దన్నాడు ఎడ్డీ. డివిజన్ న్యాయాధికారి పిలిచి, మరో పటాలానికి మారుస్తాను, అక్కడ నీ సంగతి ఎవరికీ తెలియదు, నేరం కొట్టేస్తాను, అన్నాడు. దానికీ వద్దన్నాడు. విచారణే కావాలన్నాడు.

ఎందుకంటే అతని లెక్క అతనికి ఉంది. పారిపోయినవాళ్ళకి జైలుశిక్ష వేస్తున్నారని అందరికీ తెలుసు. జైలు అతనికి కొత్తా? చిన్నప్పటినుంచీ చూసిన చోటు. యుద్ధం ఎలాగూ ముగింపుకొస్తున్నది. ముగిశాక అందర్నీ వదిలేస్తారు. ఇంటికి వెళ్ళి ఆంటోనెట్‌తో కాపరం చేసుకోవచ్చు. ఇది పిరికితనమా అంటే పిరికితనమే. నేను కాదనను. అతని స్థానంలో ముందు వరసకి వెళ్ళినవాడు మరొకడు ఉంటాడు గదా, ఆ మరొకడికీ భార్యా బిడ్డలు ఉంటారు గదా. ఆ మాట మరిచిపోయి ఎడ్డీ మీద జాలిపడటం సరికాదు. కాని జైలుకి తగిన నేరం వేరు, ప్రాణానికి తగిన నేరం వేరు.

1944 నవంబరు 11న, జర్మనీ సరిహద్దులోని రోట్‌గెన్ అనే ఊళ్ళో కోర్టు మార్షల్ జరిగింది. ఆ నెలలోనే 28వ డివిజన్ హుర్ట్‌గెన్ అడవిలో చావుదెబ్బ తింటున్నది. 6,000 మందికి పైగా చచ్చో, గాయపడో, పట్టుబడో పోయారు. దాపునే ఆ సంహారం జరుగుతుంటే, పోను అన్నవాడి విచారణకి తొమ్మిదిమంది అధికారులు కూర్చున్నారు. రెండుగంటలు కూడా పట్టలేదు. ఎడ్డీ నోరు విప్పలేదు. మూడుసార్లు వోట్లు వేశారు. మూడుసార్లూ తొమ్మిదికి తొమ్మిదీ మరణశిక్షకే.

ఇంత కఠినులా అనుకుంటాం. హ్యూయీ వెతికి రాబట్టిన సంగతుల్లో ముఖ్యమైనది ఇదే అని నా ఉద్దేశం: ఆ తీర్పు అమలవుతుందని అక్కడివాళ్ళు అనుకోలేదు. పైవాళ్ళు చూస్తారు, తగ్గిస్తారు, ఎప్పుడూ తగ్గిస్తూనే ఉన్నారు గదా! ఎడ్డీ కూడా అలానే అనుకున్నాడు. కాగితం డివిజన్ అధిపతి జనరల్ నార్మన్ కోటా దగ్గరికి వెళ్ళింది. ఈయన నార్మండీ తీరాన దిగిన రోజున గుళ్ళవర్షంలో నిలబడి సిపాయిల్ని ముందుకు నడిపించిన ధైర్యశాలి. అడవిలో చచ్చిపోతున్న తన మనుషులు కళ్ళముందు మెదులుతుండగా సంతకం పెట్టాడు. తరవాత పై న్యాయాధికారులు చూశారు. పాత దొంగతనాల జాబితా తిరగేశారు. ఇతను పారిపోవడమే కాదు, పారిపోతానని రాసిచ్చి సైన్యం అధికారాన్నే సవాలు చేశాడు, దీన్ని సహిస్తే క్రమశిక్షణ ఉండదు, అన్నారు. డిసెంబరు 9న ఎడ్డీ సర్వసేనాధిపతి ఐసెన్‌హోవర్‌కి, ప్రాణభిక్ష పెట్టమని స్వయంగా ఉత్తరం రాసుకున్నాడు. ఎన్నడూ లేనిది డిసెంబరు 16న జర్మనులు విరుచుకుపడ్డారు. అమెరికా వాళ్ళ వరసలు తెగిపోయి వేలమంది పట్టుబడుతున్న రోజులు. ఆ గందరగోళంలో, 23వ తేదీన, ఐసెన్‌హోవర్ శిక్ష ఖాయం చేశాడు. నెలరోజులు ముందో వెనకో ఆ కాగితం ఆ బల్ల మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదో!

లెక్క చెబుతాను, వినండి. ఆ యుద్ధంలో పారిపోయిన నేరానికి మరణశిక్ష పడ్డ అమెరికా సిపాయిలు 49 మంది. 48 మందికి శిక్ష తగ్గింది. మిగిలినవాడు ఇతనే.

1945 జనవరి 31. ఆల్సేసు కొండల్లోని సెయింట్-మరీ-ఓ-మీన్ అనే చిన్న ఊళ్ళో, ఎత్తైన ప్రహరీగోడ ఉన్న ఒక ఇంటి పెరడు. ఊరివాళ్ళ కంట పడకూడదని అలాటి చోటు ఏరారు. నేలంతా మంచు. అతని పటాలం నుంచే 12 మందిని పిలిపించి తుపాకులిచ్చారు. ఎవరి గుండు ప్రాణం తీసిందో ఎవరికీ తెలియకుండా ఉండేందుకు ఒకదానిలో మాత్రం ఉత్తుత్తి తూటా వేసే ఆచారం పాటించారు. నన్ను పారిపోయినందుకు చంపటం లేదు, అలా పారిపోయినవాళ్ళు వేలమంది ఉన్నారు. పన్నెండేళ్ళప్పుడు చేసిన చిల్లర దొంగతనాలకి చంపుతున్నారు, నేను జైలుకి వెళ్ళొచ్చినవాణ్ణి కనక ఉదాహరణగా చూపడానికి దొరికాను - ఇదీ, తనతో ఉన్నవాళ్ళతో అతనన్న మాటల భావం. ఫాదరీ ప్రార్థన చెప్పాడు. ఎడ్డీ అల్లరి చెయ్యలేదు, ఏడవలేదు. కట్టుగొయ్య దగ్గర నిలబడ్డాడు. ఇంత భయస్థుడికి అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూసినవాళ్ళే ఆశ్చర్యపోయారు. ఉదయం 10 గంటల 4 నిమిషాలకి పేల్చారు. పదకొండు గుళ్ళూ తగిలాయి, ఒక్కటీ వెంటనే ప్రాణం తియ్యలేదు. తుపాకులు మళ్ళీ నింపుతుండగా పోయాడు. ఇంకో 18 రోజులుంటే పాతికేళ్ళు నిండేవి. జనరల్ కోటా అక్కడే నిలబడి చూశాడు. తన జీవితంలో అంత దుర్భరమైన పావుగంట మరొకటి లేదని తరవాత చెప్పుకున్నాడు.

ఉదాహరణకోసం చంపామన్నారు గదా. ఉదాహరణ అంటే పదిమందికీ చూపించేది. వీళ్ళు చేసిందేమిటి? గోడ చాటున కాల్చి, నెంబరు వేసి పూడ్చి, కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా దాచిపెట్టారు. ఇందులోని తిరకాసు ఏమిటో హ్యూయీ పుస్తకం చదివిన ప్రతివాడూ అడిగాడు. సైన్యం దగ్గర మంచి జవాబు లేకపోయింది.

పుస్తకం వచ్చాక కూడా ఈ కథ మీద భయం పోలేదు. 1960లో ఫ్రాంక్ సినాట్రా దీన్ని సినిమా తీస్తానని ప్రకటించాడు. కథ రాయడానికి పెట్టుకున్న ఆల్బర్ట్ మాల్ట్జ్ కమ్యూనిస్టని హాలీవుడ్ వాళ్ళు బహిష్కరించిన రచయిత కావడంతో పెద్ద గగ్గోలు లేచింది, సినాట్రా విరమించుకున్నాడు. చివరికి 1974లో మార్టిన్ షీన్ ఎడ్డీగా నటించగా టెలివిజన్‌లో వచ్చింది, కోట్లమంది చూశారు.

ఆంటోనెట్ మాత్రం ఈ సినిమాలకోసం కాచుకుని కూర్చోలేదు. సిపాయి భార్యగా తనకు రావలసిన ఇన్సూరెన్సు డబ్బు 10,000 డాలర్లు ఇప్పించమని, మొగుడి శవాన్ని స్వదేశానికి తెచ్చుకోనివ్వమని, క్షమాభిక్ష ప్రకటించమని అర్జీ మీద అర్జీ పెట్టుకుంది. అధ్యక్షులు మారుతూ వచ్చారు, జవాబు మారలేదు. మూర్ఛలతో, బీదతనంతో, చివరికి ముసలివాళ్ళను చూసే ఆసుపత్రిలో 1979లో కన్నుమూసింది. రోజుకో ఉత్తరం చొప్పున ఆమెకి రాసిన మనిషి సముద్రానికి అవతల 65వ నెంబరుగానే ఉండిపోయాడు.

అక్కణ్ణుంచి ఇద్దరు మనుషులు ఈ కథలోకి వచ్చారు. ఒకాయన బెర్నార్డ్ కాల్కా. పోలండు వంశం వాడు, తానూ ఆ యుద్ధంలో పనిచేసినవాడు. ఎడ్డీతో చుట్టరికం లేదు, పరిచయం లేదు. అయినా సంవత్సరాల తరబడి అధికారుల చుట్టూ తిరిగి, తవ్వి తీయించడానికి అనుమతి సంపాదించాడు.

రెండో ఆయన బెనెడిక్ట్ కిమెల్మన్. పళ్ళ డాక్టరు. 1944 నవంబరులో తీర్పు చెప్పిన తొమ్మిదిమందిలో ఈయన ఒకడు. ఆ తరవాత కొద్దివారాలకే జర్మనులకి పట్టుబడి ఖైదీ అయ్యాడు. 1987లో ఒక చరిత్ర పత్రికలో తన కథ తానే రాశాడు. విచారణలో కూర్చున్న తమలో ముందు వరసలో తుపాకీ పట్టి పోరాడినవాడు ఒక్కడూ లేడని ఒప్పుకున్నాడు. ఆ రోజు సరైన తీర్పే చెప్పామనుకున్నాననీ, తరవాత తానే చూసిన యుద్ధంలో ఎందరెందరో జారుకోగా వాళ్ళ జోలికి ఎవరూ పోకపోవడం గమనించాక, ఈ ఒక్కణ్ణి ఏరి చంపడం అన్యాయమని తెలిసిందనీ రాశాడు. నలభైమూడేళ్ళు పట్టింది ఆ మాట బయటికి రావడానికి. పట్టనీండి. మిగతా ఎనిమిదిమందిలో అంత మాట అచ్చులో పెట్టినవాళ్ళు నాకు తారసపడలేదు.

ఆ 1987లోనే 65వ నెంబరు గొయ్యి తవ్వి, అస్థికలు పెట్టెలో పెట్టి, డెట్రాయిట్ తీసుకువచ్చి, ఉడ్‌మియర్ శ్మశానంలో ఆంటోనెట్ పక్కన పూడ్చారు. ప్రభుత్వం క్షమాభిక్ష ఇవ్వలేదు. తీర్పు రద్దు కాలేదు, అలాగే ఉంది. సమాధి రాతి మీద మాత్రం పేరు చెక్కారు.